నూకరత్నం, బి.టెక్ (టి)

ఇది మీరు చేసిన పనే. ప్రిన్సిపాల్ గారూ, చైర్మన్ గారూ, తనిఖీకని వచ్చి జీడిపప్పు పొట్లాలు చంకన పెట్టుకుపోయిన కమిటీ పెద్దలూ, మీరందరూ కలిసి చేసిన పని. నాలుగేళ్ళు మోటార్లు విప్పి బిగించిన పిల్లని పట్టుకుని, ఈమె ఏం చదివిందో చెప్పలేము అని కాగితం మీద రాసి, దాని మీద గుండ్రటి ముద్ర కొట్టి ఇచ్చారు. కంప్యూటర్ తప్పు అనకండి. కంప్యూటర్ ఇలాంటి తప్పు చెయ్యదు. చెయ్యబోతే ఎర్ర గీత పెట్టి అక్కడే ఆగిపోతుంది. మీకు ఆ పాటి ఇంగితం కూడా లేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. చదివేవాళ్ళే తేల్చుకోండి.

మాది హైవే పక్కన జీడిమామిడి తోటలు కొట్టేసి కట్టిన ఇంజనీరింగ్ కాలేజీ. స్వయంప్రతిపత్తి కాలేజీ, అంటే పరీక్షలు మేమే పెట్టుకుంటాం, సర్టిఫికెట్లు మేమే అచ్చేసుకుంటాం. నేను ఎలక్ట్రికల్ ల్యాబ్‌లో టెక్నీషియన్ని, లోవరాజు అంటారు. చదివింది ఐటిఐ. మిగతాది పరీక్షలయ్యాక పిల్లలు పారేసిన రికార్డుల్లోంచి ఏరుకున్నాను. ప్రిన్సిపాల్ డాక్టర్ చక్రధరరావు గారు, ఆయన సబ్జెక్టు సిమెంటు. చైర్మన్ గారికి రొయ్యపిల్లల హేచరీ ఉంది. నోరు తెరిస్తే రొయ్యే ఉదాహరణ.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. ఏడాదికోసారి తనిఖీ కమిటీ వస్తుంది. ఆ పొద్దున్న ల్యాబుల బోర్డులు మారతాయి. తలుపు మీద రెండు స్క్రూలు, వాటికో రేకు. కమిటీ మెట్లెక్కేలోపు "హైడ్రాలిక్స్ ల్యాబ్" దించి "మైక్రోప్రాసెసర్ ల్యాబ్" ఎక్కించాలి. వాళ్ళు ముందు తలుపులోంచి వచ్చి కాఫీ తాగుతుంటే, వెనక తలుపులోంచి అవే బల్లలు, అవే మీటర్లు, అవే పిల్లలు పక్క గదిలోకి పోవాలి. మాస్టార్లని ఆ ఒక్క రోజుకీ పక్క ఊరి కాలేజీ నుంచి వ్యాన్లో తెస్తారు. పదకొండేళ్ళుగా ఆ స్క్రూడ్రైవర్ పట్టుకున్నది నేనే. నా పాపం నాకుంది, దాచను. కానీ అప్పటిదాకా ఈ పని అందరం సిగ్గుపడుతూ చేసేవాళ్ళం. సిగ్గు పడక్కర్లేదని, దీనికో శాస్త్రం ఉందని మాకు తెలీదు.

ఆ లోటు కిందటి జూన్‌లో తీరింది.

ప్రిన్సిపాల్ గారు ఒక హోటల్లో మూడు రోజుల అధ్యాపక శిక్షణకి వెళ్ళొచ్చారు. అక్కడ కంప్యూటర్ ప్రోగ్రాముల్లో జనరిక్స్ అని ఒక క్లాసు జరిగిందట. సగంలో భోజనాలకి పిలిచారట. తిరిగొచ్చిన మర్నాడే మీటింగు పెట్టి, జావా చెప్పే హైమవతి మేడంని వివరించమన్నారు. ప్రొజెక్టర్ పనిచేసేది నా ల్యాబ్‌లోనే కనక మీటింగు అక్కడే జరిగింది.

ప్రొజెక్టర్ వెలిగేలోపు మేడం నా సొరుగుల బీరువా దగ్గరికెళ్ళి నిలబడ్డారు.

"అరవై సొరుగులండి. అన్నీ ఒకే అచ్చు. చేసినవాడికి మనం ఏ సొరుగులో ఏం పెడతామో తెలీదు. అందుకని ముందు వైపు చిన్న చీటీ దూర్చే చోటు వదిలాడు. ఆ ఖాళీ చోటే టి. ప్రోగ్రాములో డబ్బా తయారుచేసేవాడు, లోపలి వస్తువు పేరు రాయాల్సిన చోట టి అని ఒక అక్షరం పెట్టి వదిలేస్తాడు. వాడుకునేవాడు ఆ చోట 'రెసిస్టర్' అని రాస్తాడు. రాసినప్పట్నుంచి ఆ డబ్బాలో రెసిస్టర్లే. కెపాసిటర్ వెయ్యబోతే, ప్రోగ్రాం నడవకముందే దాన్ని సరిచూసే కంపైలర్ ఒప్పుకోదు. అదే అచ్చుతో ఇంకో డబ్బా చేసుకుని 'కెపాసిటర్' అని రాసుకోవచ్చు. అచ్చు ఒక్కసారే రాశాం, రెండింటికీ పనికొచ్చింది."

"అంటే ఒక్కసారి రాసుకుంటే చాలు, అందులో ఏదైనా పడుతుంది," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"ఏదైనా కాదు సార్. ఏదో ఒకటి. అదేంటో ముందే చెప్పాలి, చెప్పాక దాని మీద నిలబడాలి. ఏదైనా వేసే డబ్బా పాతకాలంలోనే ఉండేది. వేసేటప్పుడు హాయి. తీసేటప్పుడు ఏం చేతికొస్తుందో తెలీక ప్రోగ్రాం మధ్యలో కూలబడేది. ఆ బాధ పడలేకే ఈ టి పెట్టారు."

చైర్మన్ గారు కుర్చీలో ముందుకి జరిగారు. "మా చెరువూ అంతేగా మేడం. టైగర్ వేస్తే టైగరు, వెనామీ వేస్తే వెనామీ. చెరువుకేం తెలుసు పాపం."

"రెండూ కలిపి వేస్తారాండి?"

"అమ్మో, కలిపితే ఏముంది, రెండూ పోతాయి."

"నేను చెప్పేది కూడా అదేనండి."

"అది రొయ్యల సంగతమ్మా. మనం మాట్లాడేది చదువు గురించి."

ప్రిన్సిపాల్ గారు నోట్‌బుక్‌లో ఏదో రాసుకున్నారు. మీటింగయ్యాక బల్లలు తుడుస్తుంటే ఆ నోట్‌బుక్ అక్కడే ఉంది. పేజీ మొత్తానికి ఒకటే మాట. "ఏదైనా." కింద రెండు గీతలు.

మూడో రోజున సర్క్యులర్ వచ్చింది. ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను:

"సమస్త బోధన, బోధనేతర సిబ్బందికి ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, అధునాతన సాంకేతిక సిద్ధాంతములననుసరించి మన సంస్థ నేటి నుండి జనరిక్ సంస్థగా పరిగణింపబడును. ల్యాబులు, అధ్యాపకులు, ప్రశ్నపత్రములు మొదలగునవి ఇకపై ఒక్కొక్కటి మాత్రమే ఉండి, టి అను పరామితి ద్వారా సమస్త బ్రాంచిలకు వర్తించును. సిబ్బంది ఎవరును ఏ విషయమునకు గాని నిర్దిష్టమైన పేరు వాడి సంస్థ యొక్క విశాల దృక్పథమునకు భంగము కలిగించరాదు."

ముందు నాకు సంతోషమే వేసింది, అబద్ధం ఎందుకు. ఆరు ల్యాబుల తలుపులకీ ఒకేలాంటి రేకులు వచ్చాయి, "టి ల్యాబ్" అని. ఒకసారి బిగించాను, ఇక విప్పే పని లేదు.

ఆగస్టులో కమిటీ వచ్చింది. కమిటీ పెద్దాయన కళ్ళద్దాలు పైకెత్తి బోర్డు చదివి, "ఇది ఏ ల్యాబ్?" అన్నారు.

"తమరు ఏ ల్యాబ్ చూడాలనుకుంటున్నారు సార్?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"హీట్ ట్రాన్స్‌ఫర్."

"ఇదే సార్."

పెద్దాయన లోపలికి తొంగిచూశారు. బల్ల మీద నా మోటారు ఉంది. చెయ్యి పెట్టి చూశారు, కొంచెం వెచ్చగానే ఉంది. సంతృప్తి చెందారు. పక్క గది దగ్గర, "మరి ఇది?" అన్నారు. "తమరి ఇష్టం సార్." ఆయన కాసేపు ఆలోచించి, ఇన్నేళ్ళ సర్వీసులో ఒక కాలేజీ తన ఇష్టం అడగడం ఇదే మొదటిసారి అన్నారు. రిపోర్టులో "ఇతర సంస్థలకు అనుసరణీయం" అని రాశారు.

ఇక మాస్టార్లు. ఎలక్ట్రికల్‌కి ఇద్దరుండేవాళ్ళు. నిర్దిష్టమైనవాళ్ళు అక్కర్లేదని ఇద్దర్నీ పంపేశారు. మెకానికల్లోనూ అంతే. ఉన్నవాళ్ళలో దేని మీదా ప్రత్యేకంగా పట్టు లేని మనిషి కోసం వెతికి, ఇంగ్లీషు చెప్పే ఉమాపతి మాస్టార్ని "టి లెక్చరర్"గా వేశారు. పొద్దున్న టర్బైన్లు, పదకొండింటికి ట్రాన్స్‌ఫార్మర్లు, మధ్యాహ్నం మురుగునీటి శుద్ధి. మంచి మనిషి. ఒకరోజు నా ల్యాబ్‌కొచ్చి స్టూలు మీద కూలబడి, "లోవరాజూ, ఇవాళ టర్బైన్ తిరుగుతుందని చెప్పాను. తప్పేం లేదు కదా?" అన్నారు.

"తిరుగుద్దండి."

"అమ్మయ్య. ఎటు తిరుగుతుందని ఒకడు అడిగాడు. సిలబస్‌లో లేదన్నాను."

నూకరత్నం అప్పటికి ఎలక్ట్రికల్ ఆఖరి సంవత్సరం. వాళ్ళది సముద్రం ఒడ్డుని కోసుకుపోయే ఊరు. ఇల్లు రెండుసార్లు వెనక్కి జరుపుకున్నారు. ఆ పిల్లకి మాట కరుకు, చెయ్యి మెత్తన. మూడో ఏట నా ల్యాబ్‌లో కాలిపోయిన మోటారుకి తీగ చుట్టి నడిపించింది. ఆ మోటారునే కమిటీ పెద్దాయన హీట్ ట్రాన్స్‌ఫర్ అనుకుని ముట్టుకున్నది. ఉమాపతి మాస్టారి క్లాసులో లేచి, ఇండక్షన్ మోటారు లోడు మీద ఎందుకు నెమ్మదిస్తుందని అడిగిందట.

"నీకు తెలుసా అమ్మా?" అన్నారట మాస్టారు.

"తెలుసండి."

"అయితే నువ్వొచ్చి చెప్పు. నాకూ తెలుసుకోవాలనుంది." ఆయన పక్కకి జరిగి ఆమె బెంచీలో కూర్చుని నోట్సు రాసుకున్నారు. ఆ ఏడాదంతా ఎలక్ట్రికల్ పాఠాలు అలాగే జరిగాయి. రిజిస్టర్లో మాత్రం చెప్పినవారు ఉమాపతి, విన్నవారు నూకరత్నం.

ఇదంతా చూడలేక హైమవతి మేడం ఒకసారి ప్రిన్సిపాల్ గదికి వెళ్ళారు. నేను అక్కడ స్విచ్చి మారుస్తున్నాను.

"సార్, టి అనేది రాసేవాడి సౌకర్యం కోసం. వాడేచోట దానికి పేరు పెట్టి తీరాలి. మనం ఎక్కడా పెట్టట్లేదు. ఇలా రాస్తే కంపైలర్ ఎర్రర్ ఇస్తుంది."

"మేడం, ఇది తనిఖీ ఏడాది. ఎర్రర్ అనే మాట ఈ ఆవరణలో వినపడరాదు."

"వినపడకపోతే లేనట్టా సార్?"

"మీరు అచ్చం కంపైలర్‌లా మాట్లాడుతున్నారు."

"ఎవరో ఒకరు మాట్లాడాలి కదండీ."

మర్నాడు ఆవిడని లైబ్రరీకి మార్చారు. పుస్తకాల మీద సబ్జెక్టు నంబర్లు చెరిపి, అన్నీ కలిపి సర్దమన్నారు. ఎత్తు ప్రకారం సర్దారావిడ.

ఏప్రిల్‌లో ఆఖరి పరీక్ష. ఆరు బ్రాంచిలకీ ఒకే ప్రశ్నపత్రం. "ఒకటి, టి అనగానేమి? రెండు, టి నిర్మాణమును చక్కని పటము సహాయమున వివరింపుము. మూడు, టి పనిచేయు విధానమును తెలిపి దాని ఉపయోగములను, లోపములను వ్రాయుము. నాలుగు, క్రింది వానిలో రెండింటికి లఘుటీక వ్రాయుము: టి లో రకములు, టి యొక్క చరిత్ర, నిత్యజీవితములో టి."

పిల్లలు ఎవరి చదువు వాళ్ళు రాశారు. రత్నం ట్రాన్స్‌ఫార్మర్ గీసింది, ఆ పిల్ల పక్కవాడు ఆనకట్ట గీశాడు, వెనక బెంచీవాడు ఏమీ తోచక సీలింగు ఫ్యాను గీశాడు. దిద్దేవాళ్ళు ఏ బ్రాంచి పేపరో తెలుసుకోకూడదు, అది రూలు. పటం ఉంటే ఎనిమిది, పటానికి బాణాలుంటే పది. ఫ్యానుకి బాణాలు ఎక్కువున్నాయి. వాడు కాలేజీ ఫస్టు.

మే నెల మొదటివారంలో సర్టిఫికెట్లు ఇచ్చారు. మంచి దళసరి కాగితం. పేరు: నూకరత్నం. డిగ్రీ: బి.టెక్. బ్రాంచి: టి.

ఆ పిల్లకి అప్పటికే విద్యుత్ సంస్థ రాతపరీక్షలో ర్యాంకు వచ్చింది. సబ్ ఇంజనీరు పోస్టు. సర్టిఫికెట్లు చూపిస్తే ఉద్యోగం. నన్ను తోడు తీసుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. లైబ్రరీ తాళాల పుస్తకంలో సంతకం కోసం హైమవతి మేడం కూడా అక్కడే ఉన్నారు.

"సార్, ఇక్కడ ఎలక్ట్రికల్ అని ఉండాలండి."

"టి అంటే అదే కదమ్మా. సివిల్ కూడా అదే. నీకు ఆరు బ్రాంచిల డిగ్రీ ఇచ్చినట్టు లెక్క. నువ్వు ఎక్కడికెళ్తే అక్కడివాళ్ళు వాళ్ళకి కావలసింది నింపుకుంటారు. తయారుచేసినవాడు టి వదిలేస్తాడు, వాడుకునేవాడు చెప్తాడు. సిద్ధాంతం."

మేడం పెన్ను మూత పెట్టారు. "అది ఖాళీ డబ్బాకి సార్. ఈ పిల్ల డబ్బా కాదు. నాలుగేళ్ళు చదువు నింపేశాక ఇంకా చీటీ ఖాళీ అంటారేంటి? తయారైపోయిన వస్తువు మీద టి ఉండదు."

"పుస్తకంలో నేనూ చూశాను మేడం. ప్రోగ్రాం నడిచే వేళకి ఆ వివరం చెరిగిపోతుందని రాసుంది. పిల్లలు బయటికెళ్ళి నడిచే వేళ వచ్చింది. చెరిపాం."

"కంపైలర్ ముందు ప్రతిదీ సరైందో కాదో చూసి, ఆ తర్వాత చెరుపుతుంది సార్. చూడకుండా చెరిపితే అది జనరిక్స్ కాదు, తుడుపుగుడ్డ."

ప్రిన్సిపాల్ గారు తాళాల పుస్తకంలో సంతకం పెట్టి ఆవిడకిచ్చేశారు. అంటే ఇక వెళ్ళొచ్చని.

నా బండి మీద రత్నాన్ని విద్యుత్ సంస్థ ఆఫీసుకి తీసుకెళ్ళాను. పరిశీలనాధికారి త్రినాథమూర్తి గారు. కాగితాన్ని వెలుతురుకి పట్టి చూశారు.

"బ్రాంచి గడిలో టి అని ఉంది. ఇదేం ఇంజనీరింగు?"

"ఎలక్ట్రికలేనండి. టి అంటే ఖాళీ అని అర్థమంట. మీరు నింపుకోవచ్చని మా ప్రిన్సిపాల్ గారన్నారు," అంది రత్నం.

"అభ్యర్థి అర్హతను మేమే వ్రాసి మేమే పరిశీలించుట నిబంధనలకు విరుద్ధం. పోనీ, గడి ఖాళీగా ఉంటే అసంపూర్తి పత్రమని కాలేజీకి తిప్పి పంపేవాడిని. ఇది ఖాళీగా లేదు. నింపబడి ఉన్నది. టి తో."

"అది నింపడం కాదండి."

"అమ్మాయీ, గడిలో సిరా ఉంటే నింపినట్టే. మా నోటిఫికేషన్‌లో సివిల్ ఉంది, మెకానికల్ ఉంది, ఎలక్ట్రికల్ ఉంది. టి లేదు." ఆయన చెడ్డవాడేం కాదు. ర్యాంకు చూసి నిట్టూర్చారు. "ఈ నెల ఇరవై ఎనిమిది సాయంత్రం ఐదు గంటల వరకు గడువిస్తున్నాను. కాలేజీ నుండి బ్రాంచిని ధ్రువపరచు ఏదో ఒక పత్రం, సంతకము, ముద్రతో. లేనిచో తదుపరి ర్యాంకు వారిని పిలుస్తాము."

ఏదో ఒక పత్రం. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

వారంలో కాలేజీకి మూడు అర్జీలు పెట్టాం. ఒకటే జవాబొచ్చింది. "తమరి అర్జీ టి విభాగమునకు పంపబడినది." టి విభాగం ఎక్కడుందని అడిగితే, ఎక్కడైనా ఉండవచ్చు అన్నారు.

ఇరవయ్యో తారీఖున ఆడిటోరియంలో సన్మానం. అనుసరణీయ సంస్థ అయినందుకు కాలేజీకి, అలా రాసినందుకు కమిటీ వారికి. కుర్చీలు నిండాలి కనక పాసైన పిల్లల్ని కూడా పిలిచారు. పదకొండున్నరకి చైర్మన్ గారు మైకులో, "ఒక్క చెరువుతో అన్ని రకాల పంటా తీస్తున్న ఏకైక కాలేజీ మనదే" అంటుండగా కరెంటు పోయింది. ఏసీలు ఆగాయి. కిటికీలు లేని హాలు. జనరేటరు మామూలుగానే పనిచెయ్యదు. పానెల్లో ఏదో కొట్టేసిందని చప్పుడు బట్టి నాకు తెలిసింది. లేవబోయాను. రత్నం నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఎలక్ట్రికల్ వాళ్ళు ఎవరైనా ఉంటే లేవండి," అన్నారు ప్రిన్సిపాల్ గారు చీకట్లోంచి.

ఎవరూ లేవలేదు. లేస్తే నిర్దిష్టం అవుతారు కదా. సంస్థ విశాల దృక్పథానికి భంగం.

ముందుగా ఉమాపతి మాస్టారు లేచారు. "టి లెక్చరర్ని కనక నేను వెళ్ళడం నా ధర్మం" అని, సెల్‌ఫోన్ లైటేసుకుని పానెల్ దాకా వెళ్ళి, తలుపు తెరిచి, చూసి, మూసి తిరిగొచ్చారు. "లోపల చాలా తీగలున్నాయండి," అన్నారు.

అప్పుడు ప్రిన్సిపాల్ గారు లైటు రత్నం మొహం మీద వేశారు. "అమ్మా, నువ్వు ఎలక్ట్రికల్ కదా."

"తెలీదండి. కాగితం మీద టి అని ఉందండి."

"హాస్యాలకి ఇది సమయం కాదు."

"నేనేం నవ్వట్లేదండి. ఎలక్ట్రికల్ అని ఒక్క మాట రాసి సంతకం పెట్టండి. ఐదు నిమిషాల్లో కరెంటు ఇస్తాను."

కమిటీ పెద్దాయన కోటు విప్పేశారు. చైర్మన్ గారి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. "రాసిచ్చెయ్యవయ్యా, పోయేదేముంది, చచ్చిపోతున్నాం ఇక్కడ."

ప్రిన్సిపాల్ గారు ఆయన చెవిలో చెప్పబోయారు. కానీ హాలు నిశ్శబ్దంగా ఉంది, మైకు లేకపోయినా మూడు వరసల దాకా వినపడింది. "ఎలక్ట్రికల్ అని రాస్తే ఎలక్ట్రికల్ చెప్పిందెవరో కూడా రాయాలండి."

చైర్మన్ గారు కుర్చీలో వెనక్కి జారారు. సన్మానపత్రంతో విసురుకుంటూ కూర్చున్నారు. అదీ అసలు సంగతి. ఇన్నాళ్ళూ సిద్ధాంతం, పరామితి, విశాల దృక్పథం అన్నారే, వాటన్నిటి కిందా దాచింది ఇది. పేరు రాయని గడి ఉంటే, లేని మాస్టార్ని అడిగేవాడుండడు.

రెండు గంటల తర్వాత ఊళ్ళోంచి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. పదో తరగతి తప్పాడట. బోర్డు మీద మాత్రం ఎలక్ట్రీషియన్ అనే రాసుకున్నాడు.

మూడో రోజున రత్నానికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు వచ్చింది. ఆ కాగితం జిరాక్సు ఇప్పుడు నా ముందుంది.

"ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ బ్రాంచికి చెందిన విద్యార్థిని కుమారి నూకరత్నం, సదరు బ్రాంచియందు నాలుగు సంవత్సరములు శిక్షణ పొంది, సదరు విద్యుత్ మరమ్మతు పనియందు సంపూర్ణ నైపుణ్యము కలిగియుండి కూడా, గౌరవ అతిథుల సమక్షమున సదరు పనిని చేయ నిరాకరించి దుష్ప్రవర్తనకు పాల్పడినందున, తగు చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలసినది." సంతకం. గుండ్రటి ముద్ర.

రత్నం మూడుసార్లు చదివింది. "లోవన్నా, రాశారు," అంది.

"ఏం రాశారే?"

"ఎలక్ట్రికల్ అని. ఒకసారి కాదు, సదరు సదరు అని మళ్ళీ మళ్ళీ చెప్పారు. నైపుణ్యం కూడానంట. తిట్టడానికైతే నేనేం చదివానో బాగానే గుర్తుంది వీళ్ళకి."

ఆ పూటే బండి తీశాను. త్రినాథమూర్తి గారు నోటీసు చదివి తల ఊపారు. "బ్రాంచి నిర్ధారణ అయినది. సంతకం ఉంది, ముద్ర ఉంది. నైపుణ్యం గురించి మేము అడగనే లేదు, అదీ ఉంది." గడిలో టిక్కు పెట్టారు. పదకొండేళ్ళలో కాలేజీ ఇచ్చిన కాగితం ఒకటి పనికిరావడం నేను చూడ్డం అదే మొదలు. తర్వాత ఆయన వేలు కింది పంక్తి మీదకి జారింది.

"అయితే ఇదే పత్రం ప్రకారం అభ్యర్థి ప్రవర్తన బాగాలేదు. దుష్ప్రవర్తన నోటీసు పెండింగులో ఉన్నవారిని తీసుకొనుటకు వీలు లేదు. కాలేజీ నుండి సత్ప్రవర్తన పత్రం పట్టుకురండి."

"సగం నమ్మి సగం మానెయ్యచ్చు కదండి," అంది రత్నం.

"పత్రాన్ని పూర్తిగా స్వీకరించాలి, లేదా పూర్తిగా తిరస్కరించాలి అమ్మా."

తిరిగి కాలేజీకి. ప్రవర్తన పత్రం అడిగితే గంటలో ఇచ్చారు, వాళ్ళకి అచ్చు ఫారం సిద్ధంగా ఉంది. "ఈమె ప్రవర్తన: టి."

నోటీసు వెనక్కి తీసుకోండని అడిగాం. ప్రిన్సిపాల్ గారు వెంటనే ఒప్పుకున్నారు. అంత తొందరగా ఒప్పుకునేసరికి నాకు అనుమానం వచ్చింది. "ఉపసంహరిస్తే అందులోని ప్రతి మాటా ఉపసంహరించినట్టే సుమా," అన్నారు చిరునవ్వుతో. ఫోను చేసి త్రినాథమూర్తి గారిని అడిగాం. ఉపసంహరించిన పత్రం లేని పత్రంతో సమానం అన్నారు.

కనక లెక్క ఇలా తేలింది. నోటీసు ఉంటే ఈ పిల్ల ఎలక్ట్రికల్, కానీ చెడ్డది. నోటీసు పోతే మంచిదో చెడ్డదో తెలీదు, ఏం చదివిందో అసలే తెలీదు. చదువూ మంచితనమూ రెండూ ఒక మనిషిలో ఉండటానికి మా కాలేజీ ఫారాల్లో చోటు లేదు.

ఇవాళ ఇరవై ఆరు.

నిన్న సాయంత్రం రత్నం నా ల్యాబ్‌కొచ్చి, సొరుగుల బీరువా దగ్గర నిలబడి, సర్క్యులర్ భయానికి నేను పీకేసిన చీటీలన్నీ మళ్ళీ రాయడం మొదలెట్టింది. రెసిస్టరు, డయోడు, ఫ్యూజు. "నా పేరు పక్కన రాయకపోతే మానె, వీటికైనా రాద్దాం," అంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. ఎల్లుండి ఐదు గంటలు దాటితే తన తర్వాతి ర్యాంకు వాడెవడో వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంటాడు. వాడి తప్పేం లేదు. వాడి కాలేజీ వాడికి ఒక మాట రాసిచ్చింది, అంతే.

ఇక మాకు సర్క్యులర్లు వద్దు, కమిటీ వద్దు, టి విభాగం జవాబు వద్దు. చెయ్యాల్సింది చెప్తాను, వినండి.

రేపు పొద్దున్న తొమ్మిదింటికి ప్రిన్సిపాల్ గది ముందు వరండాలో మేం కూర్చుంటాం. ఈ ఏడు పాసైన నాలుగొందల మందికీ కబురెళ్ళింది. ఒక్కొక్కరూ అట్టముక్క మీద తన చదువు పేరు తనే రాసుకుని మెడలో వేసుకొస్తారు. ఎలక్ట్రికల్, సివిల్, మెకానికల్. ఫ్యాను గీసి ఫస్టొచ్చినవాడు కూడా వస్తానన్నాడు, మెకానికల్ అని సరిగ్గానే రాసుకున్నాడు. హైమవతి మేడం లైబ్రరీకి తాళం వేసి వస్తున్నారు. ఉమాపతి మాస్టారు "ఇంగ్లీషు" అని రాసుకున్నారు. రాసుకున్నాక చాలాసేపు దాన్నే చూసుకున్నారు.

నూకరత్నం సర్టిఫికెట్ మీద బ్రాంచి గడిలో ఎలక్ట్రికల్ అని రాయండి. ప్రవర్తన గడిలో మంచిది అని రాయండి. ఆ తర్వాత మిగతా అందరికీ వరసగా రాయండి. ఎవరు ఏది చదివారో దాని పక్కన ఎవరు చెప్పారో కూడా రాయండి. ఎవరూ చెప్పకపోతే ఎవరూ చెప్పలేదని రాసి, దాని కింద మీ సంతకం పెట్టండి, ప్రిన్సిపాల్ గారిదీ చైర్మన్ గారిదీ కమిటీ పెద్దాయనదీ. పంపేసిన మాస్టార్లని వెనక్కి పిలవండి.

ముందు రత్నం కాగితం. ఇక్కణ్ణుంచి విద్యుత్ ఆఫీసుకి నా బండి మీద గంటంపావు. అంటే ఎల్లుండి మూడున్నరలోపు రాయాలి. నాలుగింటికి రాసిస్తే అది ఆ పిల్లకి అక్కర్లేదు, మీరే దాచుకోండి.